చిన్న ట్రాక్టరుకు ఇంటి చట్రం

మన పత్రికలో పెండ్లిండ్ల ముచ్చట్లు, పండుగల విశేషాలు, పిల్లల చదువుల సంగతులు చదివి సంతోషిస్తూ ఉంటాము. వాటి నడుమ ఇనుప చట్రమొకటి చేయించిన కథ ఏమిటని చదువరులు అనుకోవచ్చును. కాని మనలో చాలా కుటుంబాలకు, ఉద్యోగాలు పట్నాలలో ఉన్నా, ఊళ్ళో రెండు మూడెకరాల మెట్ట, పది మామిడి చెట్లు ఉండనే ఉన్నవి. ఎద్దులు పోయి చిన్న ట్రాక్టర్లు వచ్చినవి. ఎద్దుల నాటి పనిముట్లు మాత్రం చూరు క్రిందనే ఉన్నవి. వాటిని ఈ బండికి కట్టుకొని వాడుకొందామని ఎవరికైనా తోచడం సహజమే. మాకూ అలాగే తోచినది. ఆ తోచడంలో ఒక పెద్ద ప్రమాదం తృటిలో తప్పినది. అది మరెవరి ఇంటిలోనూ జరగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా ఊరు కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఒక పల్లె. తాతల నాటినుంచి అక్కడే ఉన్నాము. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. మేము గుంటక అంటే ప్రక్క పొలం వారు కుంటె అంటారు. మేము గొర్రు అంటే వారు కూరిగె అంటారు. మడక ఇద్దరికీ మడకే. మేము పట్నంలో గుమాస్తా పని చేసుకొంటూ ఆదివారాలు ఊరికి పోతుంటాము. సేద్యమంతా మా తమ్ముడిది. నాయనగారికి డెబ్బై దాటినా పొలం గట్టు మీద నిలబడనిదే వారికి ప్రొద్దు పోదు.

2018లో మా కడపటి ఎద్దుల జత అమ్మివేశాము. గడ్డి లేక, కాచేవారు లేక అమ్మినామే గాని ఇష్టముండి కాదు. రెండేండ్లు బాడుగ ట్రాక్టరుతో గడిచినది. పెద్ద బండి మామిడి కొమ్మల క్రింద దూరదు. అడిగిన రోజున రాదు. అందుకని 2021లో 18 గుర్రపు బలం గల చిన్న ట్రాక్టరు నొకదానిని పాతదే కొన్నాము. బరువు సుమారు 800 కిలోలు. దానితోపాటు రొటావేటరు ఇచ్చినారు గాని గుంటక, గొర్రు వంటివేవీ లేవు. మామిడి వరుసల మధ్య గడ్డిని పైపైన కోసి నేలను గుల్ల చేయడానికి గుంటకను మించినది లేదని నాయనగారి వాదన. ఆ మాట నిజమే. రొటావేటరుతో మాటిమాటికీ తిప్పితే మన్ను పిండి అవుతుంది. పెద్ద వాన వస్తే పై మట్టి కొట్టుకొని పోతుంది.

ఆ ఆదివారం జరిగినది

సరే, చూరు క్రింది గుంటకను దించినాము. దాని పొడవాటి నొగ చక్రాలకు తగులుతుందని కోసివేసి, ఇనుప గొలుసు తగిలించినాము. గొలుసు రెండవ కొసను ఎక్కడ కట్టడమా అని చూస్తే, బండి వెనుక సీటు క్రింద టాప్ లింకు తగిలించే దిమ్మె కనిపించినది. లావుగా, గట్టిగా ఉన్నది. పైగా పైకి కడితే గుంటక మరీ లోతుకు దిగదని మా తమ్ముని ఆలోచన. మేమూ తల ఊపినాము. తమ్ముడు బండి ఎక్కినాడు. నాయనగారు, ఎన్నో ఏండ్ల అలవాటు కనుక, వెనుక మేడి పట్టుకొని నడిచినారు.

రెండు వరుసలు బాగానే సాగినవి. మూడవ వరుసలో గుంటక ఒక మామిడి వేరును పట్టుకొన్నది. గొలుసు బిగుసుకొన్నది. బండి నిలబడలేదు; ముందు చక్రాలు రెండూ మూరెడు పైకి లేచినవి. గట్టున ఉన్న మాకు గొంతు పెగలలేదు. “రేయ్, కాలుతో తొక్కరా, తొక్కు!” అని నాయనగారే కేక వేసినారు. తమ్ముడు క్లచ్చి తొక్కినాడు. ముందు చక్రాలు దభాలున నేల మీద పడినవి. మేడి విసురుకు నాయనగారి ముంజేయి బెణికినది. అంతకన్న ఏమీ కాలేదు. మరొక్క క్షణమైతే బండి వెనక్కు తలక్రిందులై ఇద్దరి మీదా పడేది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. అమ్మ కాపడం పెడుతూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. నాయనగారు మాత్రం, “ఎద్దయితే వేరు తగలగానే తనంతట తాను నిలబడేది” అన్నారు. ఆ ఒక్క మాట మమ్ములను చాలా రోజులు ఆలోచింపజేసినది. ఎద్దుకు మెడ మీద నొప్పి తెలుస్తుంది. ఇంజనుకు ఏమి తెలుస్తుంది? అది లాగుతూనే ఉంటుంది. కనుక ఎద్దు చేసే ఆ పనిని మనం కట్టే కట్టులోనే ఏర్పాటు చేయాలి.

ముందు చక్రాలు ఎందుకు లేచినవి?

ఆ తరువాత కొన్ని పుస్తకాలు తిరగవేశాము. ఇద్దరు ముగ్గురు మెకానికులను అడిగినాము. సంగతి చాలా సులువైనది. వెనుక చక్రం నేలను పట్టుకొని ముందుకు త్రోస్తుంది. బరువు వెనుకకు లాగుతుంది. ఆ లాగుడు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. ఎత్తు పెరిగిన కొద్దీ అది మీట వలె పనిచేసి బండి ముందుభాగాన్ని పైకి లేపుతుంది. జాన ఎత్తున కట్టినప్పటి కన్న మూడు జానల ఎత్తున కడితే లేపే శక్తి మూడింతలవుతుంది. అందుకే దేనినైనా గొలుసుతో లాగవలసి వస్తే, ఇరుసు కన్న క్రిందుగా, బండి చేసినవారు ఇచ్చిన లాగుడు కడ్డీకే కట్టాలి. ఇరుసుకు గాని, టాప్ లింకు దిమ్మెకు గాని గొలుసు కట్టరాదు. మేము చేసినది సరిగ్గా అదే తప్పు.

మరి ఆ దిమ్మె అంత గట్టిగా ఎందుకున్నది? దాని పని లాగడం కాదు, త్రోపుడును ఓర్చుకోవడం. ఇది తెలియాలంటే కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

ఐర్లండులో హ్యారీ ఫెర్గూసన్ అనే రైతుబిడ్డ ఉండేవాడు. పుట్టినది 1884లో. సేద్యం మీద ఇష్టం లేక యంత్రాల పనిలో చేరినాడు. 1909 డిసెంబరు 31వ తేదీన తాను కట్టిన విమానంలో తానే ఎగిరినాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, అక్కడి ప్రభుత్వం వారు ట్రాక్టర్ల వాడకాన్ని మెరుగుపరచే పని అతనికి అప్పగించినారు. ఆనాడు నాగళ్ళను బండి వెనుక గొలుసుతోనో కొక్కెంతోనో ఈడ్చేవారు. నాగలి రాతికి తగిలితే బండి వెనక్కు తిరగబడేది. మా మామిడి తోటలో ఆ ఆదివారం జరగబోయినది నూరేండ్ల క్రితం అక్కడ జరుగుతూనే ఉండేదన్న మాట.

ఫెర్గూసన్ ఆలోచన ఏమిటంటే, నాగలిని ఈడ్చడం కాదు, బండికి అవయవం వలె తగిలించాలి. క్రింద రెండు చేతులు, పైన ఒక చేయి; మూడు చోట్ల పట్టు. నేల నాగలిని క్రింద వెనుకకు పట్టుకొన్నప్పుడు, నాగలి తల ముందుకు వాలబోతుంది. ఆ వాలుడును పై చేయి అడ్డుకొంటుంది. అంటే క్రింది చేతులు లాగుతవి, పై చేయి బండిని ముందుకు త్రోస్తుంది. ఆ త్రోపుడు బండి ముందుభాగాన్ని లేవనీయక అదిమిపెడుతుంది. ప్రమాదం తెచ్చిన బలమే కాపుదల అయినది. లోతును తనంతట సవరించే హైడ్రాలిక్ ఏర్పాటుకు 1926లో పేటెంటు వచ్చినది. 1936లో ఆ పద్ధతితో బండ్లు అమ్మకానికి వచ్చినవి. 1938లో అమెరికాలో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా చేయి కలిపి ఒప్పందం చేసుకొన్నాడు; 1939లో వారి బండి వెలువడినది. తరువాత ఫోర్డు మనుమని కాలంలో ఒప్పందం చెడి కోర్టుకెక్కి, 1952లో ఫెర్గూసన్‌కు 92 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చేటట్లు రాజీ అయినది. నోటిమాట ఒప్పందం ఎంత దూరం పోతుందో, ఎక్కడ చెడుతుందో గుమాస్తాలమైన మాకు బాగా తెలుసును! 1953లో ఫెర్గూసన్ సంస్థ కెనడాలోని మాసీ హ్యారిస్ కంపెనీతో కలిసినది. ఆ పరంపరలోని మాసీ ఫెర్గూసన్ బండ్లను తయారు చేయడానికే 1960లో మద్రాసులో టాఫే కంపెనీ వెలిసినది. మన పల్లెలలో తిరిగే ఎర్ర బండ్ల పుట్టుక అది. ఈనాడు ఏ కంపెనీ బండి వెనుక చూచినా ఆ మూడు చేతులే.

మా బండికీ అవి మూడూ ఉన్నవి. మేము వాటిని ప్రక్కకు తోసి గొలుసు కట్టినాము!

చట్రం చేసిన విధం

2022 వేసవిలో పనికి పూనుకొన్నాము. కోలారు బంగారు గనుల ఊరిలో ఒక వెల్డింగు మేస్త్రీ ఉన్నాడు. వారి నాయన గనిలో పనిచేసినవాడు. 2001లో గనులు మూతపడిన తరువాత ఆ కుటుంబం ఈ అంగడి పెట్టుకొన్నది. ఆయనది అరవం, మాది తెలుగు, బేరం కన్నడంలో. మేము కాగితం మీద గీసుకొని పోయిన బొమ్మను చూచి, “బొమ్మ బాగుంది, బండి ఎక్కడ?” అన్నాడు. కొలతలు బండి మీద తీయాలి గాని పుస్తకంలో కాదని ఆయన పాఠం. మరుసటి ఆదివారం బండినే తోలుకొని పోయినాము.

ఆ మాట నిజమని తరువాత తెలిసినది. సాధారణంగా ఒకటవ తరగతి అనే కొలత ప్రకారం క్రింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు లావుంటవి. క్రింది రెండు పట్ల నడుమ దూరం 683 మిల్లీమీటర్లు. వాటి నుంచి పై పిన్ను ఎత్తు 460. కాని చిన్న బండ్లలో చాలా వాటికి క్రింది చేతుల దూరం ఇంతకన్న తక్కువ. కనుక ఎవరి బండిని వారే కొలుచుకోవాలి.

మా చట్రానికి మూలం ఒక అడ్డపట్టె. 75 మిల్లీమీటర్ల చానెల్ ముక్కలు రెండింటిని, ఒక్కొక్కటి నాలుగడుగులు, ఎదురెదురుగా పెట్టి పెట్టె వలె అతికినాము. విడి చానెల్ మెలి తిరుగుతుంది; పెట్టె అయితే తిరగదు. దాని ముందువైపున క్రింది పిన్నులకు ఇటు రెండు, అటు రెండు రేకు చెవులు. పిన్నుకు రెండు వైపులా చెవి ఉండాలి. ఒకే వైపు పట్టుతో వ్రేలాడే పిన్ను వంగుతుంది. నడుమ నుంచి 50కి 10 మిల్లీమీటర్ల పట్టీలు రెండు గోపురం వలె పైకి లేచి పై పిన్నును పట్టుకొంటవి. గోపురం తల నుంచి అడ్డపట్టె వెనుకకు రెండు ఏటవాలు ఊతలు. మొత్తం ఇనుము 40 కిలోలకు లోపే. పిన్నులు మాత్రం చేయించలేదు. విడిభాగాల అంగడిలో గట్టి ఉక్కువి కొన్నాము. వాటిని వెల్డింగు చేస్తే ఆ గట్టిదనం పోతుందట.

అడ్డపట్టెకు గుంటక కాళ్ళను, కావలసినప్పుడు గొర్రు పండ్ల వంటి ఇనుప పండ్లను, బిగింపు పట్టీలతో తగిలించుకొంటాము. వాటిని ఇటూ అటూ జరుపుకోవచ్చును. నాయనగారి పాత గుంటక ఇనుప అలుగు ఇంకా మంచిదిగానే ఉన్నది. దానినే ఊడదీసి దీనికి బిగించినాము. మాను మాత్రం పొయ్యిలోకి పోయినది.

ఇక ఎద్దు చేసే పని. ఒక్కొక్క కాలికి రెండు బోల్టులు పెట్టినాము. పైది 16 మిల్లీమీటర్ల గట్టి బోల్టు. కాలు దాని మీద తిరుగుతుంది. రెండవది 8 మిల్లీమీటర్ల మెత్తని మామూలు బోల్టు. కాలును కదలకుండా నిలబెట్టేది అదే. వేరో రాయో గట్టిగా తగిలితే ఆ చిన్న బోల్టు తెగి కాలు వెనక్కు వాలిపోతుంది. అతి తక్కువ ఖరీదుతో బండి, చట్రం, మనిషి మిగులుతవి. దాని స్థానంలో గట్టి బోల్టు వేస్తే ఈ ఏర్పాటంతా వృథా. తెగుతున్నదని విసుక్కొని తమ్ముడు ఒకసారి గట్టిది వేయబోతే నాయనగారు చేయి పట్టుకొన్నారు. “ఎద్దుకు బుద్ధి ఉండె, దీనికి బోల్టు ఉంది. అదీ తీసేస్తావా?” అన్నారు.

మొదటి నెలలో తేలిన లోపాలు

మొదటి సారే చక్కగా కుదిరినదని చెబితే అబద్ధమవుతుంది. దున్నుతూ ఉంటే గుంటక ఒక ప్రక్కకు ఈడ్చుకొని పోయేది. మేస్త్రీ మూలల నుంచి మూలలకు దారం పట్టి చూచినాడు. రెండు దారాలు సమానంగా ఉండవలసినవి. వ్రేలెడు తేడా వచ్చినది. చెవులు కోసి మళ్ళీ అతికినాడు. అతికే ముందు అక్కడక్కడ చుక్కలు పెట్టి, కొలిచి, తరువాతనే పూర్తిగా అతకాలని అప్పుడు తెలుసుకొన్నాము.

ఏటవాలు ఊత ఒకటి మూడవ రోజున విడిపోయినది. పాత ఇనుము మీది రంగు, త్రుప్పు గీకకుండా అతికినందువలన అతుకు పట్టలేదు. ఆ తప్పు మాది. తొందర పెట్టినది మేమే.

లోతు కుదరడానికి నాయనగారే దారి చెప్పినారు. ఎద్దుల కాలంలో కాడికి నొగ కట్టే చోటును ముందుకూ వెనుకకూ జరిపి లోతు సవరించేవారు. “ఇక్కడ ఆ పని చేసేది ఏది?” అని అడిగినారు. చూస్తే, టాప్ లింకు మరలే! దానిని పొట్టి చేస్తే గుంటక ముక్కు క్రిందికి వంగి లోతుకు పోతుంది. పొడవు చేస్తే పైకి తేలుతుంది. ఒక చుట్టు త్రిప్పి, పది గజాలు దున్ని చూచుకోవాలి. బడికి పోని మనిషికి ఆ మరల సంగతి మాకన్న ముందు తెలిసినది.

బరువైన చట్రాన్ని ఎత్తి తగిలించడం కూడ కష్టమైనది. అందుకు రెండు పొట్టి కాళ్ళు పెట్టించినాము. పని అయిన తరువాత వాటి మీద నిలబడి ఉంటుంది; బండిని వెనుకకు నడిపితే చేతులు సరిగ్గా ఎదురుకు వస్తవి. ఇప్పుడు మా మరదలు ఒక్కతే, ఎవరినీ పిలవకుండా, తగిలించి పిన్నులు వేస్తుంది. ఆమె తగిలించినప్పుడు లించ్ పిన్ను మరచిపోయిన రోజు లేదు, మేము మరచిపోయినాము.

ఒక్క పని మాత్రం దీనితో చేయలేదు. రాగి విత్తడానికి గొర్రును దీనికి కట్టుకొందామని తమ్ముడు అన్నాడు. జడ్డిగంలో చేతితో విత్తనం వేయాలంటే మనిషి వెనుక నడవాలి. బండి వెనుక మనిషి నడవకూడదని మా ఇంటి నియమం. కనుక విత్తనం నాటికి ప్రక్క పొలం వారి ఎద్దులను పిలుచుకొంటాము. ఆ ఎద్దులు ఉన్నంత కాలం ఆ ముచ్చట సాగుతుంది.

చేయించుకొనే వారికి మనవి

బండి శరీరానికి, ఇరుసు పెట్టెకు వెల్డింగు చేయవద్దు. అది పోత ఇనుము, పగులుతుంది, లోపలి సీళ్ళు కాలుతవి. చట్రాన్ని బండి నుంచి విడదీసి అతికించండి. తప్పనిసరిగా బండి మీద ఉంచి అతకవలసి వస్తే ముందు బ్యాటరీ తీగలు ఊడదీయండి. ఎత్తి పెట్టిన చట్రం క్రింద చేయి గాని తల గాని పెట్టవద్దు. దించి, ఇంజను ఆపి, తరువాతనే బోల్టు మార్చండి. గట్టు ఎక్కేటప్పుడు పనిముట్టు వీలైనంత క్రిందుగా ఉండాలి. పిల్లలను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకోవద్దు. ఎంత ముద్దు వచ్చినా సరే.

కూలితో కలిపి మాకు 7 వేల రూపాయల లోపే అయినది. అంగడిలో తయారు సరుకు దొరుకుతుంది. డబ్బు ఉన్నవారు అదే కొనుక్కోవడం మంచిది. ఇంట చేయించుకొన్నామన్న గొప్ప కోసం ఇది వ్రాయలేదు. గొలుసు తీసుకొని బండి దగ్గరకు పోయే తమ్ముళ్ళు మనలో ఇంకా ఉన్నారు. వారి వెనుక మేడి పట్టుకొని నడిచే పెద్దలూ ఉన్నారు. కట్టే ముందు ఒకసారి వంగి, కట్టే చోటు ఎంత ఎత్తున ఉన్నదో చూడమని మాత్రమే మా మనవి.

నాయనగారి ముంజేయి వాన కాలంలో ఇంకా కొంచెం నొప్పి పెడుతుంది. గుంటక తోలే రోజున వారు చింతచెట్టు క్రింద గట్టు మీద కూర్చొని, లోతు ఎక్కువైతే అక్కడి నుంచే కేక వేస్తారు. ఇంజను చప్పుడులో తమ్మునికి వినిపించదు. మరదలు పరుగెత్తి పోయి, బండికి ఎదురుగా నిలబడి చేయి చూపిస్తుంది.

ఇతర తావులలోని మన సోదరులు తమ తమ నేలలకు తగినట్లు ఇటువంటివి ఏమైనా చేయించుకొని ఉంటే, వాటి కొలతలను, ముఖ్యంగా వాటిలో వచ్చిన తప్పులను, పత్రికకు వ్రాయవలసినదిగా కోరుతున్నాము.